పింగాణీ పోత పనిలో తల్లి అచ్చు: ఒక రుణ ఖాతా నేర్పిన పాఠం

పింగాణీ పాత్రల పరిశ్రమకు రుణం కోరుతూ వచ్చే ప్రాజెక్టు నివేదికలలో బట్టీకి ఒక పుట, బాల్ మిల్లుకు మరొక పుట, షెడ్డుకు అంచనా పట్టికతో సహా రెండు పుటలు ఉంటాయి. ప్లాస్టర్ అచ్చులకు మాత్రం ‘పనిముట్లు, ఇతరములు’ అనే శీర్షిక కింద ఒకే ఒక వరుస దక్కుతుంది. ఆ వరుసను తొందరగా చదివి సంతకం చేసిన అధికారులలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. దాని ఫలితం ఏమైనదీ, ఆ తరువాత రుణగ్రహీతతో కలిసి నేను ఏమి నేర్చుకొన్నదీ ఈ వ్యాసంలో వివరిస్తాను. ఈ వృత్తిలో ఉన్నవారికీ, ప్రవేశించదలచిన వారికీ, ప్లాస్టరునూ పాత్రలనూ విక్రయించే డీలర్లకూ ఇది ఉపకరించగలదని భావిస్తున్నాను.

మా శాఖ గోదావరి ప్రాంతంలో ఉంది. ద్వారకా తిరుమల పరిసరాలలో లభించే బాల్ క్లే అనే మెత్తని బంకమన్ను పింగాణీ కార్ఖానాలకు సుపరిచితమైనది. గూడూరు వైపు క్వార్ట్జ్, ఫెల్స్‌పార్ ఖనిజాలు దొరుకుతాయి. ముడిసరుకు ఇంత చేరువలో ఉండగా మన హోటళ్లకు టీ కప్పులు ఉత్తరాది నుంచి లారీలలో రావడమెందుకన్న ఆలోచనతో ఒక కుమ్మరి కుటుంబానికి చెందిన యువకుడు 2022లో మా శాఖకు వచ్చాడు. అంతకు ముందు మూడేళ్లు వేరొక రాష్ట్రంలోని పింగాణీ కార్ఖానాలో పోత విభాగంలో పనిచేసిన అనుభవం అతనికి ఉంది. పట్టణంలోని ఒక పాత్రల డీలరు సరుకు కొనడానికి అంగీకరిస్తూ లేఖ కూడా ఇచ్చారు. బట్టీ, మిల్లు, 60 అచ్చులు, కొంత నిర్వహణ మూలధనం కలిపి రుణం మంజూరయింది. అచ్చులను నేను బట్టీతో సమానంగా స్థిరాస్తులలో చేర్చి, ఏడేళ్ల కాలానికి తరుగుదల లెక్క వేశాను. బి.ఎస్సి.లో రసాయన శాస్త్రం చదివినవాడిని. జిప్సం ఎంత మెత్తని ఖనిజమో, నీటిలో ఎంత కరుగుతుందో నాకు తెలియని విషయం కాదు. తెలిసిన విషయం లెక్కలోకి రాలేదు, అంతే.

పోత పద్ధతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. సారెపై కప్పు తీయడానికి చేతి నైపుణ్యం కావాలి. ఒక కప్పు మరొక కప్పును అచ్చంగా పోలి ఉండదు. పోత పద్ధతిలో బంకమన్ను, చైనా క్లే, క్వార్ట్జ్, ఫెల్స్‌పార్‌లను నీటితో నూరి, చిక్కని మీగడ వంటి ద్రావణంగా చేస్తారు. దీనినే స్లిప్ అంటారు. దీనిని ఎండిన ప్లాస్టర్ అచ్చులో పోస్తే, అచ్చు తన సూక్ష్మరంధ్రాల గుండా నీటిని పీల్చుకొంటుంది; లోపలి గోడ వెంట మట్టి పొరగా పేరుకొంటుంది. తగిన మందం రాగానే మిగిలిన స్లిప్‌ను వంపివేస్తారు. పొర కొంచెం ఆరి అచ్చును వదిలిన తరువాత పాత్రను బయటికి తీస్తారు. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు పడుతుంది. పది నిమిషాలలో 3 మి.మీ. పొర వచ్చే అచ్చులో 6 మి.మీ. రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. తడి అచ్చులో, పాతబడి రంధ్రాలు పూడుకుపోయిన అచ్చులో ఈ లెక్క మరింత దిగజారుతుంది.

మొదటి నాలుగు నెలలు పని సవ్యంగా సాగింది. రోజుకు 60 కప్పులు, నెలకు 25 పనిదినాలు. వాయిదాలు తేదీకి ముందే జమ అయ్యేవి. ఐదవ నెలలో కప్పుల అంచుల వద్ద అతుకు గీతలు లావెక్కాయి. ఉపరితలంపై సూదిపొడుపుల వంటి గుంటలు కనిపించాయి. ప్లాస్టర్ అచ్చు సాధారణంగా నూరు పోతల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. సన్నని నగిషీ ఉన్నదైతే ఇంకా ముందే అరిగిపోతుంది. అరవై అచ్చులూ ఒకే రోజున పనిలోకి దిగినవి కనుక అరవై ఒకే నెలలో అరిగిపోయాయి. కొత్తవి తెప్పించడానికి చేతిలో డబ్బు లేదు. నివేదికలో నేను ఆ ఖర్చు చూపనే లేదు. అప్పుడతడు తన బుద్ధికి తోచిన ఉపాయం చేశాడు. మొదటి వారంలో కాల్చిన మంచి కప్పు ఒకటి తీసుకొని, దానినే నమూనాగా పెట్టి స్వయంగా కొత్త అచ్చులు పోసుకొన్నాడు.

ఒక ఉదయం డీలరు రెండు కప్పులతో శాఖకు వచ్చారు. వాటిని నా బల్లపై పక్కపక్కన పెట్టి, దగ్గు మందు సీసాతో వచ్చే కొలత గ్లాసుతో నీళ్లు పోసి చూపారు. పాత కప్పులో 150 మి.లీ. పట్టాయి. కొత్త కప్పులో 102 మి.లీ. దాటగానే నీళ్లు బల్లపైకి పొర్లాయి.

“ఆఫీసరు గారూ, హోటలు వాళ్లు నన్ను దొంగ అంటున్నారండి,” అన్నారాయన.

సాయంత్రం రుణగ్రహీతను కలిశాను. “కొలత తప్పలేదండి. మన మొదటి కప్పే పెట్టి అచ్చు తీశానండి,” అన్నాడతడు. అతని మాటలో అబద్ధం లేదు. మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు మరికొంత కుంచించుకుపోతుంది. అతని మట్టి మొత్తం మీద నూటికి 12 వంతులు కుదించుకొనేది. కాల్చిన కప్పు నుంచి తీసిన అచ్చులో పోసిన కప్పు కాలిన తరువాత పొడవులో, వెడల్పులో, ఎత్తులో కూడా 0.88 వంతుకు దిగుతుంది. మూడు దిశలలో 0.88ని హెచ్చవేస్తే 0.68. అందుచేత 150 మి.లీ. కప్పు 102 మి.లీ.కి దిగింది. మూడు వందల కప్పులు తిరిగి వచ్చాయి. వాయిదా తప్పింది. తొంభై రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాలో చేరుతుంది. కుటుంబం ఇంటి పత్రాల మాట ఎత్తుతున్నది.

అచ్చులు పోయడం ఒక విద్య, అచ్చులకు అచ్చు కట్టడం వేరొక విద్య. ఆ రెండవది అతనికి రాదు. కార్ఖానాలో పోతపని చేసినవారికి అచ్చుల విభాగంలోకి సాధారణంగా ప్రవేశం ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో ఉన్న ఖుర్జా పింగాణీ పాత్రలకు దేశమంతటా పేరుపొందిన పట్టణం. కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థకు అక్కడ ఒక కేంద్రం ఉంది. వీధి వీధిలోనూ చిన్న కార్ఖానాలు, కేవలం అచ్చులు చేసి అమ్మేవారూ ఉన్నారు. 2023 వేసవిలో రుణగ్రహీత అక్కడ ఒక అచ్చుల పనివాని దగ్గర పది రోజులు ఉండేందుకు ఏర్పాటు చేసుకొన్నాడు. నేను సెలవుపై నాలుగు రోజులు అతనితో ఉన్నాను. ఢిల్లీ చూపిస్తానని ఇంట్లో చేసిన వాగ్దానం మాత్రం నేటికీ నెరవేరలేదు.

మోడల్: భాగించాలి, కలపరాదు

ఖుర్జా ఉస్తాదు మొదటి రోజు ప్లాస్టరును తాకనివ్వలేదు. స్లిప్‌ను కడ్డీ ఆకారంలో పోయించి, పచ్చిగా ఉండగా దానిపై సరిగ్గా 100 మి.మీ. దూరంలో రెండు గీతలు గీయించి, పాత్రలతోపాటు బట్టీలో పెట్టించాడు. కాలిన తరువాత గీతల మధ్య దూరం కొలిస్తే 88 మి.మీ. ఈ పరీక్ష ప్రతి మట్టికీ, ప్రతి బట్టీ ఉష్ణోగ్రతకూ విడిగా చేయవలసినదే. పక్క ఊరివారి అంకె మనకు పనికిరాదు.

కాలిన కప్పు మూతి వ్యాసం 75 మి.మీ. ఉండాలంటే మోడల్ ఎంత ఉండాలి? చాలామంది 75కు 12 శాతం కలిపి 84 మి.మీ. అంటారు. అది 84లో 12 శాతం తగ్గి సుమారు 74 మి.మీ. అవుతుంది. సరైన పద్ధతి 75ను 0.88తో భాగించడం, జవాబు 85.2 మి.మీ. ఒక మిల్లీమీటరు తేడా కప్పులో కనపడకపోవచ్చును. కానీ టీ పాట్‌కూ మూతకూ మధ్య ఒక మిల్లీమీటరు అంటే మూత పడిపోవడమో, అసలు దిగకపోవడమో జరుగుతుంది.

మోడల్‌ను ప్లాస్టరుతోనే లేతు మీద తిప్పి చేస్తే అంచులు స్పష్టంగా వస్తాయి. పిడిని విడిగా చెక్కి అమరుస్తారు. తరువాత అచ్చు ఎక్కడ విడిపోవాలో పెన్సిలుతో గీత గీయాలి. ఈ గీత మీదనే సగం పని ఆధారపడి ఉంది. మోడల్‌ను ఆ గీత వరకు మెత్తని బంకమట్టిలో పాతిపెట్టి, పైకి ఉన్న సగాన్ని నేరుగా పైకి లాగితే ఎక్కడా చిక్కుకోకుండా రావాలి. పిడి ఉన్న టీ కప్పుకు సాధారణంగా మూడు ముక్కలు: రెండు పక్కలు, ఒక అడుగు. ముక్కలు ఒకదానిలో ఒకటి కూర్చోవడానికి ఒక వైపు గుంటలు, రెండవ వైపు బొడిపెలు ఏర్పాటు చేస్తారు. వాటిని సమాన దూరంలో పెట్టరాదని ఉస్తాదు హెచ్చరించాడు. కొంచెం ఎడంగా, వంకరగా పెడితే పనివాడు నిద్రమత్తులో తలకిందులుగా బిగించినా ముక్క కూర్చోదు.

తల్లి అచ్చు అనగా నేమి

మోడల్ నుంచి తీసిన మొదటి అచ్చును బ్లాక్ అంటారు. దీనితో నాలుగైదు కప్పులు మాత్రం పోసి, కాల్చి, లోపాలు దిద్దుకొంటారు. అంతటితో దాని పోతపని ముగుస్తుంది. మన రుణగ్రహీత కొన్న అరవై అచ్చులు ఇటువంటి బ్లాక్ నుంచి పుట్టిన పిల్లలు. బ్లాకు అమ్మినవాని దగ్గరే ఉండిపోయింది. విత్తనాల సంగతి తెలిసిన రైతులకు ఇది చెప్పనక్కరలేదు.

బ్లాక్‌లోని ఒక్కొక్క ముక్కను వెల్లకిలా పరచి, సబ్బు పూసి, చుట్టూ పలకలు కట్టి, దానిపై గట్టి ప్లాస్టరు పోస్తారు. అది గట్టిపడి విడివడినప్పుడు సమతలమైన పీఠంపై సగం కప్పు ఉబ్బెత్తుగా నిలబడి ఉన్న రూపం వస్తుంది. బొడిపెలున్నచోట గుంటలు, గుంటలున్నచోట బొడిపెలు. చుట్టూ పక్కగోడలను కూడా ప్లాస్టరుతోనే విడదీసే విధంగా పోసుకొంటారు. ఇదే తల్లి అచ్చు. వాడుకలో కేస్ అంటారు. ఇక మీదట పని అచ్చు కావాలంటే తల్లి అచ్చు గోడలు బిగించి, సబ్బు పూసి, ప్లాస్టరు పోసి, గట్టిపడగానే విప్పడమే. మళ్లీ గీత గీయనక్కరలేదు, మోడల్‌ను మట్టిలో పాతనక్కరలేదు. ఇద్దరు మనుషులు పూటలో పది పన్నెండు ముక్కలు తీయడం నేను చూశాను. తల్లి అచ్చు అరిగితే బ్లాక్ నుంచి మరొకటి తీస్తారు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు స్వల్పంగా వ్యాకోచిస్తుంది. కుండల పని ప్లాస్టరులో అది సుమారు నూటికి 0.2 వంతు. మోడల్ నుంచి బ్లాక్, బ్లాక్ నుంచి తల్లి అచ్చు, దాని నుంచి పని అచ్చు, ఇలా ప్రతి తరంలోనూ ఆ పెరుగుదల కలుస్తుంది. కప్పు విషయంలో దీనిని ఉపేక్షించవచ్చును. మూతను, పాత్రను మాత్రం ఎప్పుడూ ఒకే తరం అచ్చులలో పోయాలి. పాత్రకు కొత్త తల్లి అచ్చు తీసిన రోజున మూతకూ తీయడం ఉత్తమం.

తల్లి అచ్చుకు ఎక్కువ నీరు కలిపిన ప్లాస్టరు పనికిరాదు. అది నీరు పీల్చవలసిన పని లేనిది, అరగకుండా నిలవవలసినది. ఆల్ఫా రకపు గట్టి ప్లాస్టరు 100 పాళ్లకు సుమారు 40 పాళ్ల నీరు సరిపోతుంది. పెద్ద కార్ఖానాలు ఇప్పుడు రబ్బరు, రెసిన్ తల్లి అచ్చులు వాడుతున్నాయి. వాటి మన్నిక ఎక్కువే కాని, చిన్న యూనిట్‌కు గట్టి ప్లాస్టరుతో ఆరంభించడం తప్పు కాదు.

సబ్బు గురించి కూడా చెప్పాలి. మెత్తని సబ్బు ద్రావణాన్ని మూడు నాలుగు పూతలు పూసి, ప్రతిసారీ తడి స్పాంజితో తుడిచివేయాలి. చేతికి జారుడు తగలాలి, కంటికి నురగ కనిపించకూడదు. మిగిలిపోయిన సబ్బు పని అచ్చు లోపలి ముఖానికి అంటితే అక్కడి రంధ్రాలు మూసుకుపోయి, ఆ చోట కప్పు పలుచబడుతుంది.

నీరు, ప్లాస్టరు: తూకం లేనిదే పని లేదు

జిప్సంను వేడిచేసి, దానిలోని నీటిలో మూడు వంతులు పోగొడితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తుంది. మళ్లీ నీరు కలిపితే జిప్సంగా మారి గట్టిపడుతుంది. ఈ మార్పుకు 100 గ్రాముల ప్లాస్టరుకు కావలసిన నీరు 18.6 గ్రాములు మాత్రమే. కాని పని అచ్చుకు మనం 70 గ్రాములు కలుపుతాము. మిగిలిన 51.4 గ్రాముల నీరు ఆరిపోయినప్పుడు మిగిలే ఖాళీలే స్లిప్ నుంచి నీటిని పీల్చే రంధ్రాలు. నీరు ఎక్కువైతే అచ్చు బాగా పీలుస్తుంది, త్వరగా అరుగుతుంది. తక్కువైతే గట్టిగా ఉంటుంది, పీల్చదు. కంటి అంచనాతో కలిపేవారి అచ్చులలో ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో పీలుస్తుంది. అంతకంటె హానికరమైనది ఒకే అచ్చు రెండు సగాలను వేర్వేరు పాళ్లలో పోయడం; కప్పు ఒక వైపు మందంగా వచ్చి, కాలేటప్పుడు వంకరపోతుంది. అందుచేత షెడ్డులో తూకపు యంత్రం లేని పోత యూనిట్‌ను నేను ఇప్పుడు తనిఖీలో అంగీకరించడం లేదు.

ఒక లీటరు నీటికి 1.43 కిలోల ప్లాస్టరు కలిపితే సుమారు లీటరున్నర ద్రవం అవుతుంది. ఎప్పుడూ నీటిలోనికి ప్లాస్టరు చల్లాలి. ప్లాస్టరుపై నీరు పోయరాదు. చల్లిన తరువాత ఒకటి రెండు నిమిషాలు కదపకుండా నాననిచ్చి, తరువాత గాలి చొరకుండా అడుగు నుంచి కలపాలి. వేలితో గీస్తే గీత క్షణకాలం నిలిచే చిక్కదనం రాగానే ఒక మూల నుంచి సన్నని ధారగా పోయాలి. కొద్దిసేపటికి అది వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గుముఖం పట్టాక విప్పడం మంచిది. చేతులను గాని, పిల్లల కాళ్లను గాని సరదాకైనా గట్టిపడే ప్లాస్టరులో ఉంచరాదు. ఆ వేడికి చర్మం కాలి, వేళ్లు కోల్పోయే ప్రమాదం ఉంది.

బకెట్టుకు అంటుకొన్న పాత ప్లాస్టరు ముక్కలు కొత్త కలయికను అతి త్వరగా గట్టిపరుస్తాయి. ఉప్పునీరు కూడా అంతే. సముద్రానికి చేరువలోని గ్రామాలలో బోరు నీటిని వాడేవారు ఈ సంగతి గమనించాలి. మన రుణగ్రహీత తొలి ప్రయత్నాలలో ప్లాస్టరు బకెట్టులోనే రాయి కావడానికి కారణం అతని చేతకానితనం కాదు, పెరటిలోని బోరు. ఇప్పుడు చెరువు నీటిని వడగట్టి వాడుతున్నాడు.

ఆరబెట్టడంలో ఎక్కువ మంది తొందరపడి నష్టపోతారు. అచ్చును 45 డిగ్రీల సెంటిగ్రేడుకు మించని వేడిలో, గాలి ఆడేచోట, ముక్కలన్నీ కూర్చి రబ్బరు పట్టీతో బిగించి ఆరబెట్టాలి. విడిగా ఆరబెడితే ముక్కలు వంగుతాయి. బట్టీ పైకప్పు మీద పెడితే జిప్సం మళ్లీ తన నీటిని కోల్పోయి, ఉపరితలం సున్నపు పొడిలా రాలుతుంది. ఆరినదీ లేనిదీ చెంపకు ఆనించి చూసి చెప్పే పెద్దలు ఉన్నారు. అంత అనుభవం లేనివారికి తూకమే శరణ్యం. పైన చెప్పిన పాళ్లలో 170 గ్రాముల తడి అచ్చు పూర్తిగా ఆరితే 118.6 గ్రాములవుతుంది, అనగా పది పాళ్లలో ఏడు పాళ్లు మిగులుతుంది. 5 కిలోల తడి అచ్చు మూడున్నర కిలోలకు దిగిన నాడు పనికి సిద్ధం. వర్షాకాలంలో మన కోస్తా గాలికి ఇది పది రోజులు దాటినా ఆశ్చర్యం లేదు. ఆ నెలల ఉత్పత్తిని వేసవి లెక్కతో అంచనా వేయరాదు.

అచ్చు ఎందుకు అరుగుతుంది? జిప్సం లీటరు నీటిలో సుమారు 2 గ్రాముల వరకు కరుగుతుంది. ప్రతి పోతలోనూ కొంత పోతుంది. స్లిప్ పలుచబడడానికి కలిపే సోడియం సిలికేటు, సోడా యాష్ ఇంకొంత తింటాయి. ఆరిన అచ్చు పై భాగాన తెల్లని నూగు కనిపిస్తే అవి మోతాదు మించాయని అర్థం. ఆ నూగును పొడి కుంచెతో దులపాలి, కొళాయి కింద పెట్టి కడగరాదు. ఇనుప కత్తితో అంచులు గీకరాదు. రాలిన ప్లాస్టరు ముక్క తుక్కు మట్టిలో కలిస్తే మరుసటి స్లిప్ చిక్కబడి చెడిపోతుంది, కాల్చిన పాత్రపై గుంటలు పడతాయి.

రుణ నివేదికలో అచ్చుల స్థానం

నూరు కప్పులు ఒక అచ్చును తింటాయి. ఈ ఒక్క వాక్యం ఆధారంగా లెక్క వేద్దాం. రోజుకు 60 చొప్పున నెలకు 1,500 కప్పులు పోస్తే నెలకు 15 అచ్చులు ఖర్చవుతాయి. మూడున్నర కిలోల అచ్చులో సుమారు 3 కిలోల ప్లాస్టరు ఉంటుంది. వృథాతో కలిపి 3.3 కిలోలు అనుకొందాం. నెలకు 50 కిలోలు, అనగా 25 కిలోల సంచులు రెండు. ఇది మట్టి, ఇంధనం, విద్యుత్తు వలె నెలనెలా వచ్చే ఖర్చు. దీనిని నిర్వహణ మూలధనంలో చూపాలి. స్థిరాస్తులలో చూపవలసినవి మోడల్, బ్లాక్, తల్లి అచ్చు, లేతు, తూకపు యంత్రం. ప్రాజెక్టు నివేదిక వ్రాయించుకొనేవారు అమ్మకందారుని నుంచి అచ్చులు మాత్రమే కాక, తల్లి అచ్చు కూడా ధర కట్టి కొటేషనులో చేర్పించాలి. అతడు ఇవ్వనంటే, మీ మోడల్ మీరే చేయించుకోవడం తప్ప మార్గాంతరం లేదు.

మరొక జాగ్రత్త: అచ్చులన్నింటినీ ఒకేసారి పనిలోకి దింపరాదు. వారానికి నాలుగు కొత్తవి చేరుతూ, నాలుగు పాతవి తొలగుతూ ఉంటే సరుకులో నాణ్యత సమంగా ఉంటుంది, డబ్బు కూడా ఒకే నెలలో బయటికి పోదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరి వృత్తి ఒకటి. అర్హులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, 5 శాతం వడ్డీపై మొదట లక్ష రూపాయలు, అది తీర్చిన పిమ్మట 2 లక్షల వరకు రుణం లభిస్తాయి. అంతకు పెద్ద యూనిట్‌కు ముద్ర రుణం అనువుగా ఉంటుంది. శిక్షణ గురించి అడిగేవారికి మరొక మాట: సిరామిక్ టెక్నాలజీలో డిప్లమా బోధన గూడూరులో చాలాకాలంగా ఉంది. ఇంటిలో చదువుకొనే పిల్లవాడు ఉంటే ఖుర్జా దాకా వెళ్లనక్కరలేదు.

ప్లాస్టరు డీలర్లకు విన్నపం. ఇంటి కప్పుల అలంకరణకు వాడే ప్లాస్టరునూ, కుండల పని ప్లాస్టరునూ ఒకే పేరుతో అమ్మకండి. మొదటిదానిలో గట్టిపడే కాలాన్ని మార్చే మందులు కలిపి ఉండవచ్చును. దానితో చేసిన అచ్చు ఎలా పీలుస్తుందో ఎవరూ చెప్పలేరు. సంచులను నేలకూ గోడకూ ఆనించకుండా చెక్కబల్లపై ఉంచి, ముందు వచ్చినవి ముందు అమ్మండి. వానాకాలంలో మూడు నెలలు దాటిన సంచిని అమ్మేముందు గుప్పెడు కలిపి చూడండి. చెమ్మ తగిలిన ప్లాస్టరు వల్ల పోయేది ఒక సంచి ధర కాదు, దానితో పోసిన ఎనిమిది అచ్చులు, వాటిపై రావలసిన ఎనిమిది వందల కప్పులు.

మన రుణగ్రహీత తిరిగి వచ్చాక బ్లాకునూ, తల్లి అచ్చునూ స్వయంగా కట్టాడు. రెండు తల్లి అచ్చులు చెడిపోయాయి, మూడవది నిలిచింది. ప్లాస్టరు ఖర్చుకు చిన్న మొత్తం అదనంగా మంజూరు చేయించాను. తప్పు నాది కనుక ఆ ప్రతిపాదన వ్రాయడం నాకు సులభం కాలేదు. తొంభై రోజులు నిండడానికి పదకొండు రోజుల ముందు మొదటి బకాయి జమ అయింది. ప్రతి అచ్చు వెలుపల దాని తేదీ చెక్కి ఉంటుంది. ప్రతి పోతకూ పెన్సిలుతో ఒక గీత. తనిఖీకి వెళ్లినప్పుడు నేను ఖాతా పుస్తకానికి ముందు ఆ గీతలు లెక్కిస్తాను. బ్లాకును మాత్రం బ్యాంకు స్ట్రాంగ్ రూములో దాచిపెట్టమని అతని తల్లి అడిగింది. నిబంధనలు ఒప్పుకోవని చెప్పాను. అది ఇప్పుడు వారి ఇంట్లో ధాన్యపు గాదె పైన, పొడి గుడ్డలో చుట్టి ఉంది.

తిరిగి వచ్చిన మూడు వందల చిన్న కప్పులను బస్టాండు వద్ద టీ దుకాణాలవారు తక్కువ ధరకు కొన్నారు. గత సంవత్సరం అదే డీలరు ఆ చిన్న కొలతలోనే వెయ్యి కప్పులు కావాలని ఆర్డరు తెచ్చారు. రుణగ్రహీత పలకపై లెక్క వేసి చూపించాడు. చిన్న కప్పు మూతి 66 మి.మీ.; 66ను 0.88తో భాగిస్తే 75. ఏ కాల్చిన కప్పును నమూనాగా పెట్టి అతడు మూడు నెలలు అప్పుల పాలయ్యాడో, సరిగ్గా అదే కప్పు ఈసారి మోడల్‌గా సరిపోయింది. దాని మీద కొత్త గీత గీసి, మట్టిలో పాతి, మొదటి సగం పోస్తూ ఉండగా నేను అక్కడే ఉన్నాను. ప్లాస్టరు వేడెక్కేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.